పదకొండు పెంకులు: ఒంగోలులో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం

వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? మైకు కొంచెం కీచుమంటోంది, సర్దుకోండి.

ముందు మీకో పని. బెంచీకొక కుండ పెంకు ఇచ్చాను, చూశారుగా. వెనక వైపు సుద్దతో నంబరు వేసి ఉంది, ఒకటి నుంచి పదకొండు దాకా. దాంతో పాటు ఒక కాగితం ఉంది, దాని మీద ఒకదాని లోపల ఒకటిగా వలయాలు గీసి, ఒక్కో గీత పక్కన అడ్డం కొలత ఎన్ని సెంటీమీటర్లో రాశాను. మీ పెంకుకి మూడు వైపులా విరిగిన గరుకు ఉంటుంది, ఒక్క వైపు మాత్రం నున్నగా ఉంటుంది. అది కుండ మూతి అంచు. ఆ అంచుని కాగితం మీద బోర్లా పెట్టి, కింద సందు లేకుండా ఆనేదాకా ముందుకీ వెనక్కీ వంచి చూసి, ఏ గీత మీద సరిగ్గా కూర్చుంటుందో ఆ నంబరు రాసి పెట్టుకోండి. పక్క బెంచీ వాళ్ళది చూసి రాయొద్దు. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు మీ పని చేసుకుంటూ ఉండండి, నేనేమీ అనుకోను.

సార్ నన్ను పరిచయం చేస్తూ ఆర్కియలాజికల్ ఇలస్ట్రేటర్ అన్నారు. మా అమ్మనెవరైనా మీవాడు ఏం చేస్తాడమ్మా అని అడిగితే "పాత కుండలకి బొమ్మలేస్తాడు" అంటుంది. అదే సరైన మాట. తవ్వకాల్లో దొరికిన పెంకులు, రాతి పనిముట్లు, ఇటుక గోడలు, మట్టి పొరలు, ఊరి బయట నిలబెట్టిన వీరగల్లులు, అంటే పోరులో చనిపోయిన వీరుల బొమ్మ చెక్కిన రాళ్ళు, వీటిని ముందు పెన్సిల్‌తో కాగితం మీద, తరవాత పెన్ ట్యాబ్లెట్ మీద గీస్తాను. రెండూ ఎందుకు, ఏదో ఒకటి చాలదా అని అడుగుతారు చాలామంది. ఈ గంటా దాని గురించే.

మాది దర్శి పక్కన పల్లె. బొమ్మలు గీయడం మార్కాపురం పలక మీద నేర్చుకున్నాను, అసలు రాతి పలక, చుట్టూ చెక్క కట్టు, ఇప్పుడొచ్చే రేకు పలక కాదు. పలక మీద గీసేవాడికి ఒక అలవాటు వస్తుంది, తప్పొస్తే ఉమ్మి పెట్టి చేత్తో తుడిచేయడం. నవ్వుతున్నారు గాని, కంప్యూటర్లో మీరు నొక్కే కంట్రోల్ జెడ్ కూడా అదే కదా. ఆ అలవాటు వల్లే తవ్వకాల దగ్గర నేను చేసిన మొదటి పని పాడైపోయింది, ఆ సంగతి తరవాత చెప్తాను.

పదో తరగతి అయ్యాక సైన్ బోర్డులు రాసేవాణ్ణి. ఎరువుల షాపులు, కిరాణా కొట్లు, ఎలక్షన్లొస్తే గోడల మీద పార్టీ గుర్తులు. బాగానే గడిచింది. అంతలో ఫ్లెక్సీ మిషన్లు వచ్చిపడ్డాయి, రెండేళ్ళు తిరక్కుండానే కుంచె పట్టేవాడికి పని లేకుండా పోయింది. ఏం చేస్తాం, శత్రువు దగ్గరే కూలికి కుదిరాను. ఒంగోల్లో ఒక ఫ్లెక్సీ షాపులో కోరల్ డ్రా, ఫొటోషాప్, అను ఫాంట్లు నేర్చుకుని, పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుడి పక్కన నలభై మంది తలలు అతికించే పని చేశాను. ఒకరోజు ఒక రీసెర్చ్ చేసే ఆయన ఏదో మ్యాపు పెద్దగా ప్రింట్ చేయించుకోవడానికి షాపుకొచ్చి, నేను పాత స్కాన్‌లో చెదిరిపోయిన గీతల్ని శుభ్రం చేస్తుంటే వెనకే నిలబడి చూసి, "పెన్సిల్‌తో కూడా గీస్తావా అబ్బాయ్?" అన్నాడు. గీస్తానన్నాను. ఆ ఏడాది చలికాలం నన్ను తవ్వకాల దగ్గరికి తీసుకెళ్ళాడు, రోజుకూలీ మీద. అక్కణ్ణించి ఇదే పని.

మన వైపు పల్లెల్లో ఊరికి కాస్త దూరంలో ఒక దిబ్బ ఉంటుంది, పాటిదిబ్బ అంటాం. మీలో ఎంతమంది ఊళ్ళో ఉంది? చూడండి, సగం మంది చేతులెత్తారు. ఒకప్పుడు ఊరు ఉండి, జనం వదిలేసి పోయిన చోటు అది. ఆ మన్ను బూడిద కలిసి, ఎముకలు కలిసి, పేడ కలిసి పొలానికి మంచి బలం, అందుకని ఎండాకాలం రాగానే బండ్లు కట్టి పాటిమన్ను తోలేవాళ్ళు. మా నాయన తోలాడు, నేను బండి వెనక కూర్చుని వచ్చాను. ఆ మన్నులో పెంకులు కుప్పలుగా వచ్చేవి. మేం వాటితో ఏం చేసేవాళ్ళమంటే ఏడు పెంకులాట ఆడేవాళ్ళం. ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో కొట్టడం. ఇన్నేళ్ళ తరవాత తవ్వకంలో లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్న పెంకు చేతిలో పెట్టి, ఇది ఇనుప యుగం నాటిది, రెండు వేల ఏళ్ళ పైమాటే అని చెబితే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఎందుకంటే చిన్నప్పుడు నేను ఏరుకున్నవి అవే, లోపల నలుపు బయట ఎరుపు ఉన్నవైతే గట్టిగా ఉంటాయి, బంతి తగిలినా విరగవని ఏరి మరీ తెచ్చుకునేవాణ్ణి.

ఆ రెండు రంగులు ఎట్లా వస్తాయో తెలుసా? కుండలు కాల్చే వాములో కుండని బోర్లించి కాలుస్తారు. బయటికి గాలి తగిలి మట్టిలో ఇనుము ఎర్రబడుతుంది, బోర్లించిన మూతికీ కడుపు లోపలికీ గాలి ఆడక నల్లగా మిగులుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే గీసేటప్పుడు నలుపు ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో జాగ్రత్తగా చూస్తారు, తెలియకపోతే మరక అనుకుని వదిలేస్తారు. నేను వదిలేశాను, కొన్నాళ్ళు.

ఇప్పుడు పెంకుని ఎట్లా గీస్తామో చెప్తాను. బోర్డు మీద చూడండి. నిలువుగా ఒక గీత, అది కుండ మధ్య. ఈ పక్కన కుండని కత్తితో నిలువునా కోసినట్టు ఊహించుకుని గోడ మందం ఎంతో అంత నల్లగా నింపుతాం. ఆ పక్కన బయటి నుంచి ఎట్లా కనిపిస్తుందో అది. ఒకే బొమ్మలో లోపలా బయటా రెండూ. ప్రపంచంలో ఎక్కడ తవ్వినా ఇంచుమించు ఇదే పద్ధతి, భాష రాకపోయినా గ్రీసులో దొరికిన కుండనీ మన కుండనీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. గోడ వంపు పట్టుకోవడానికి దువ్వెన లాంటి పనిముట్టు ఒకటుంది, సన్నటి పుల్లలు వరసగా ఉంటాయి, పెంకుకి ఆనిస్తే పుల్లలు లోపలికి జరిగి ఆ వంపు అచ్చు దిగుతుంది. అసలు కష్టం అక్కడ లేదు, పెంకుని ఏ కోణంలో పట్టుకోవాలన్న దగ్గర ఉంది. కొంచెం వాల్చి పట్టుకున్నారనుకోండి, కాగు కాస్తా చట్టి అయిపోతుంది.

నాకట్లా అయింది. ఒక మందపాటి అంచు ముక్కని వెడల్పు చట్టిగా గీసి, పెద్ద పని చేసినట్టు మా పక్కూరి కుమ్మరి పెద్దాయనకి చూపించాను. ఆయన కాగితం వైపు చూడనే లేదు. పెంకు తీసుకుని లోపల బొటనవేలు పెట్టి ఇటూ అటూ రాసి, "చట్టి కాదయ్యా, కాగు. మూతి బయటికి మడిచాడు చూడు, ఎత్తేటప్పుడు చెయ్యి దొరకడానికి. చట్టికి ఎందుకు మడుస్తాడు?" అన్నాడు. లోపల వేళ్ళ గీతలు సన్నగా చుట్టూ తిరుగుతున్నాయి, సారె మీద లాగినప్పుడు పడ్డవి. ఆ గీతలు నేలకి సమంగా వచ్చేలా పెంకుని పట్టుకుంటే కోణం దానంతటదే కుదురుతుందని నాకు ఆయన చేతిలోనే అర్థమైంది. పుస్తకాల్లో కూడా ఇదే రాసి ఉందని తరవాత తెలిసింది, కానీ నా కొలతలు నేను ఇప్పటికీ ఆయన బొటనవేలి మీద ఆధారపడే వేస్తాను.

కొలిచారా అందరూ? ఇంకా చూస్తున్న వాళ్ళు చూడండి, తొందరేం లేదు.

పలక అలవాటు సంగతి చెప్తానన్నాను కదా. తవ్వకంలో ఒక గుంటని చతురస్రంగా తీసుకుంటూ దిగితే పక్క గోడల్లో మట్టి పొరలు కనిపిస్తాయి. పైన దున్నిన మన్ను, కింద ఇటుక ముక్కల పొర, దాని కింద బూడిద, దాని కింద పసుపు మట్టి, అట్లా. ఆ గోడకి అడ్డంగా నీటిమట్టం చూసి దారం కట్టి, దారం నుంచి ప్రతి పొర ఎంత కిందికి ఉందో కొలిచి, పదో వంతు స్కేలులో గ్రాఫ్ మీద గీస్తారు. 1944లో మార్టిమర్ వీలర్ మన పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి తక్షశిలలో, ఆ మరుసటేడు పుదుచ్చేరి పక్కన అరికమేడులో మనవాళ్ళకి ఈ పొరలు గీయడం గట్టిగా నేర్పాడు. మనిషి మాట కొంచెం దురుసు అంటారు గాని, పొరలు గీయని తవ్వకం దొంగతవ్వకంతో సమానం అన్న పట్టుదల మన దగ్గర నాటుకుపోవడానికి ఆయనే కారణం అని నా అభిప్రాయం.

సరే, నేను మొదటిసారి అట్లాంటి గోడ గీశాను. బూడిద పొర అడుగు గీత ఒకచోట జానెడు కిందికి దిగి మళ్ళీ పైకొచ్చింది. నేను ఫ్లెక్సీ షాపు నుంచి వచ్చినవాణ్ణి, గీత వంకరగా ఉంటే చెయ్యి ఊరుకోదు. చెయ్యి వణికినట్టుంది, బాగాలేదని రబ్బరుతో చెరిపి సాఫీగా లాగేశాను. రెండ్రోజుల తరవాత పనులు ముందుకెళ్ళి ఆ గోడని తీసేశారు. తరవాత అవతలి గుంటలో గుంజలు పాతిన గుంతలు వరసగా కనిపించాయి, తాటాకు ఇల్లో పాకో ఉండేదన్నమాట, ఆ వరస నేరుగా నా గోడ దగ్గరికే వస్తోంది. నేను చెరిపేసిన దిగుడు నాలుగో గుంజ. ఫొటో చూద్దామంటే అక్కడ గట్టు నీడ పడి ఏమీ కనపడలేదు. గోడ లేదు, మన్ను చెదిరిపోయింది, నా కాగితం మీద అందంగా సాఫీగా ఒక గీత ఉంది. ఎవరూ నన్ను తిట్టలేదు, అదే ఇంకా బాధ. తవ్వడమంటే చదువుతూ చదువుతూ ఆ పుస్తకాన్ని పేజీ పేజీ కాల్చుకుంటూ పోవడం లాంటిది, దానికి కంట్రోల్ జెడ్ లేదు.

ఇక్కణ్ణించే నా పనిలోకి కంప్యూటర్ వచ్చింది. ఇప్పుడు ఏ గోడనైనా ముందు కెమెరాతో ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీస్తాను, పక్కపక్క ఫొటోల్లో 60 నుంచి 80 శాతం దాకా ఒకటే భాగం రావాలి, అట్లా వంద, రెండొందలు. సాఫ్ట్‌వేర్ వాటిలో ఉమ్మడిగా ఉన్న చుక్కల్ని పట్టుకుని, ఏ ఫొటో ఎక్కణ్ణించి తీశామో లెక్క కట్టి, ఎత్తుపల్లాలతో సహా ఆ గోడని కంప్యూటర్లో మళ్ళీ నిలబెడుతుంది. ఫొటోగ్రామెట్రీ అంటారు. మెష్‌రూమ్ అని ఉచితంగా దొరికేది ఉంది, మీ ల్యాప్‌టాప్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే నడుస్తుంది, రాత్రంతా నడుస్తుంది, తెల్లారుజామున నాలుగింటికి మధ్యలో ఆగిపోతే ఆ నడుస్తున్న దశ మళ్ళీ మొదటి నుంచి. డ్రోనుతో కూడా చేస్తారు, దానికి పర్మిషన్లు కావాలి.

అంతా వచ్చేసింది కదా, ఇంక చెయ్యెందుకు? మీ మొహాల్లో అదే ప్రశ్న కనిపిస్తోంది. ఏంటంటే, కెమెరాకి అన్నీ సమానమే. చెట్టు వేరు, ఎలుక బొరియ, తాపీ గీత, రెండు వేల ఏళ్ళ నాటి గచ్చు, అన్నీ దానికి ఒకటే. ఏది దేని కంటే ముందుదో అది చెప్పదు. అందుకని నేనేం చేస్తానంటే ఆ గోడ బొమ్మని స్కేలుకి ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ ఫిల్ము వేసి, మళ్ళీ అదే గోడ దగ్గరికెళ్ళి కూర్చుని పెన్సిల్‌తో గీస్తాను. ఒక చేతిలో తాపీ, ఒక చేతిలో పెన్సిల్. రంగు ఒకేలా ఉన్న రెండు పొరలు తాపీ తగిలిస్తే వేరేగా మోగుతాయి, ఒకటి గట్టి, ఒకటి పొడి. ఆ తేడా ఏ ఫొటోలోనూ పడదు. ఇంటికొచ్చాక ఆ పెన్సిల్ కాగితాన్ని స్కాన్ చేసి ట్యాబ్లెట్ మీద మూడు లేయర్లుగా గీస్తాను. కంటితో చూసింది నలుపు. చేత్తో తెలిసింది నీలం. నేను ఊహించింది ఎరుపు, అది కూడా తెగిన గీతలు, కలిపిన గీత కాదు. కాగితం మీద ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, కంప్యూటర్లో అయితే ఎర్ర లేయర్ ఆపేసి నా ఊహ తీసేస్తే ఇంక ఎంత మిగిలిందో చూడొచ్చు. ఒక్కోసారి పెద్దగా మిగలదు. (నవ్వులు)

ఈ ఎర్ర గీత నేను ఇంకో దెబ్బ తిన్నాక పెట్టుకున్న నియమం. చందవరం వెళ్ళారా ఎవరైనా? దొనకొండ మండలం, గుండ్లకమ్మ ఒడ్డు, సింగరకొండ మీద బౌద్ధ స్తూపం. 1970లలో తవ్వారు. నేనక్కడికి సెలవు రోజుల్లో నా సొంతానికి వెళ్ళి స్కెచ్‌లు వేసుకునేవాణ్ణి. ఒకసారి సరదా పుట్టి స్తూపం పూర్తిగా ఉన్నప్పుడు ఎట్లా ఉండేదో గీద్దామనుకున్నాను. కింద భాగం అక్కడే ఉంది, కొలతలు తీసుకున్నాను. పైన అండం అనే గుండ్రటి గుమ్మటం, దాని నెత్తిన హర్మిక అనే చదరపు కట్టు, ఛత్రాలు, నాలుగు దిక్కులా ముందుకి పొడుచుకొచ్చిన అరుగుల మీద అయిదేసి ఆయక స్తంభాలు, ఇవన్నీ అమరావతి పలకల మీద చెక్కిన స్తూపాల బొమ్మలు చూసి వేశాను. గమ్మత్తు చూడండి, రెండు వేల ఏళ్ళ కిందటి శిల్పి తన కాలపు స్తూపాన్ని పలక మీద చెక్కితే అదే మనకిప్పుడు డ్రాయింగ్‌గా పనికొస్తోంది. బొమ్మ బాగా కుదిరింది. సాయంత్రపు ఎండ వేశాను, కింద నలుగురు భిక్షువులు, పక్కన గుండ్లకమ్మ, అన్నీ కలిసిన గీతలు, ఎక్కడా తెగినవి లేవు. ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను.

నెల తిరక్కుండా మా మేనమామ నాకే పంపించాడు దాన్ని. "చందవరం స్తూపం అసలు రూపం, అరుదైన ఫొటో, అందరికీ షేర్ చేయండి" అని. "ఒరే, ఇది నేను గీసింది మామా" అంటే నమ్మడు! "నువ్వు గీస్తే ఇట్లా ఎందుకుంటది, ఇది పాతకాలం ఫొటో" అంటాడు. మా మామ సంగతి పక్కన పెట్టండి, ఒక పిల్లాడు ప్రాజెక్టు వర్కులో అదే బొమ్మ అతికించి ఆయక స్తంభాల ఎత్తు దాంట్లోంచి కొలిచి రాశాడు. ఆ ఎత్తు నేను బొమ్మకి అందంగా ఉంటుందని పెట్టింది. అప్పటి నుంచి పూర్తి చేసిన బొమ్మ ఏది బయటికి ఇచ్చినా ఊహించిన భాగం ఎర్ర చుక్కల్లోనే ఉంటుంది, అందం తగ్గినా సరే.

చందవరం పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. అక్కణ్ణించి పోయిన ఒక సున్నపురాతి పలక, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులు ఉన్నది, ఎక్కడెక్కడో తిరిగి 2005లో ఆస్ట్రేలియా కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. దొంగసొత్తని తేలాక 2016లో మనకి తిరిగిచ్చేశారు. రాయికి ఊరి పేరు చెప్పే నోరు లేదు కదా, ఇది మాది అని మనం చెప్పుకోవాలంటే అది ఇక్కడ ఉన్నప్పుడే ఒక ఫొటో గాని, కొలతలతో గీసిన బొమ్మ గాని ఎవరో ఒకరు తీసి పెట్టి ఉండాలి. అమరావతి చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకెంజీ 1816లో రెండోసారి వచ్చి తన మనుషులతో అక్కడి శిల్పాల్ని గీయించాడు. ఆ తరవాత ఎన్నో పలకలు పోయాయి, సున్నం కోసం కాల్చేసినవి కూడా ఉన్నాయి. కొన్ని పలకలు ఇప్పుడు ఎక్కడా లేవు, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ కాగితాల మీద మాత్రం ఉన్నాయి. నేను ఆ బొమ్మల్ని ఇంటర్నెట్‌లో పెద్దవి చేసి చూస్తుంటాను. గీసినవాళ్ళు రాయి విరిగిన చోట విరిగినట్టే వదిలేశారు, పూర్తి చేయలేదు. రెండు వందల ఏళ్ళ కింద ఎవరికి తెలుసండీ ఈ ఎర్ర గీతల గొడవ, అయినా వాళ్ళ చేతికి తెలిసింది.

ఇంక దీనికి రివర్సులో నెల్లూరు కథ. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకలు అడ్డం పడ్డాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోము చక్రవర్తుల బంగారు నాణేలు, ట్రాజన్‌వి, హేడ్రియన్‌వి, ఫౌస్టినా రాణివి. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్ఫై పైచిలుకు మాత్రం సంపాదించగలిగాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి 1787లో ఉత్తరం రాశాడు, కొన్ని టంకశాల నుంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయని, కొన్నిటికి నగల్లో వేసుకున్నట్టు చిల్లులున్నాయని. నాణేల గురించి ఇంత ముచ్చటగా రాశాడు గాని ఊరి పేరు లేదు, నెల్లూరు దగ్గర అంతే. నాకైతే నాణేల కన్నా ఆ కుండ మీదే దిగులు. ఆ కుండని ఎవరైనా ఇట్లా సగం నలుపు సగం తెలుపు గీసి ఉంటే, గుడి ఇటుక పొడవెంతో రాసి ఉంటే, రోము బంగారాన్ని గుడి కింద ఎవరు ఎప్పుడు దాచారో ఈపాటికి ఒక అంచనా దొరికేది. ఇప్పుడైతే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది, పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. మీరు కూడా పాటిదిబ్బ మీద తవ్వకండి, ఉన్నచోట ఉన్నట్టు ఫొటో తీసి, పక్కన పెన్నో స్కేలో పెట్టి, ఊరి పేరు రాసుకుంటే చాలు. నేను మీకిచ్చిన పెంకులు కూడా పాతవి కావు, ఎవరూ భయపడొద్దు.

ఎక్కడుందన్నదే ముఖ్యం. మన జిల్లాలోనే 41 వేల ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో పేపర్లలో చూసే ఉంటారు, బరోడా ఎంఎస్ యూనివర్సిటీ వాళ్ళు కనుక్కున్నారు. దొరికినవి ఏంటి? గుడ్డు పెంకు ముక్కలు, వేలల్లో, మంచమంత జాగాలో. వాటిని గబగబా ఏరి సంచిలో పోసుకుని ఉంటే అవి ఉత్త పెంకులే కదా, గూడెక్కడిది?

రాతి పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకో గంట పడుతుంది. గిద్దలూరు చుట్టుపక్కల సగిలేరు గట్ల మీద దొరికిన రాతియుగపు పనిముట్ల మీద పురావస్తు పరిశోధకుడు సౌందరరాజన్ 1952లోనే రాశారు, అప్పుడు గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు నుంచి తలా కొంచెం తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అన్నారు, 2022లో మళ్ళీ గీతలు మార్చారు. మా ఊరి శాసనాల కోసం 1905లో అచ్చేసిన నెల్లూరు జిల్లా సంపుటాలు తిరగెయ్యాలి. మ్యాపు మీద కూడా ఎర్ర గీతలు పెడితే బాగుండు. రాతి పనిముట్టు గీసేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, వెలుతురు ఎప్పుడూ ఎడమ పై మూల నుంచి పడుతున్నట్టు గీయాలి, మీరు ఎక్కడ కూర్చున్నా సరే. అందరూ అదే పాటిస్తారు కాబట్టి ఏది గుంట, ఏది ఉబ్బు అని చూసేవాడికి అనుమానం రాదు.

వెలుతురు అంటే గుర్తొచ్చింది. పొదిలి వైపు ఒక ఊరి బయట వీరగల్లు ఉంది. ఏళ్ళ తరబడి నూనె, పసుపు పూసి పూసి, మీద సున్నం కొట్టి, మనిషి ఆకారం తప్ప ఏమీ తెలియట్లేదు. మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని కూర్చుని గీస్తున్నాను. మేకలు తోలుకుపోతున్న ఒక అవ్వ ఆగి, "ఏందయ్యా, ఎండలో ఏం చూస్తున్నావు?" అంది. "ఆయన చేతిలో ఏముందో తెలియట్లేదు అవ్వా" అన్నాను. "ఇప్పుడెట్లా తెలుస్తది? పొద్దు వాలినాక రా, అప్పుడు కనపడతాడు" అని వెళ్ళిపోయింది. నేను దేవుడి మాట అనుకున్నాను. సాయంత్రం అయిదున్నరకి సామాను సర్దుకుంటూ ఊరికే తిరిగి చూస్తే, పక్క నుంచి పడ్డ ఎండకి కత్తి, డాలు, తల వెనక జుట్టుముడి, పాదాల దగ్గర ఒక కుక్క, అన్నీ నీడలతో లేచి నిలబడ్డాయి. పావుగంట ఉన్నాయి. తరవాత మళ్ళీ ఉత్త రాయి.

ఇప్పుడు దీన్నే కంప్యూటర్‌తో చేస్తారు. కెమెరాని కదలకుండా పెట్టి, లైటుని మాత్రం చుట్టూ ఒక్కో చోట పెడుతూ యాభై అరవై ఫొటోలు తీస్తే, తరవాత స్క్రీన్ మీద మౌస్‌తో వెలుతురుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఆర్‌టీఐ అంటారు, రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్, సమాచార హక్కు కాదులెండి, 2001లో హెచ్‌పీ కంపెనీ ల్యాబ్‌లో టామ్ మాల్జ్‌బెండర్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి దీనికి మూలం. అరిగిపోయిన శాసనాలకి ఇది ప్రాణం. నేనూ ఆ వీరుణ్ణి అట్లా తీశాను, రాత్రిపూట, టార్చిలైటుతో. ఊళ్ళో కుర్రాళ్ళు నిధి కోసం వచ్చాననుకుని చుట్టూ మూగారు, ఫోన్లో చూపిస్తే అరగంట వాళ్ళే టార్చి పట్టుకున్నారు. స్క్రీన్ మీద వెలుతురు తిప్పుతుంటే ఒక కోణంలో డాలు మీద ఏదో పువ్వు లాగా ఉంది, ఇంకో కోణంలో లేదు. సున్నం పెచ్చు కూడా అయ్యుండొచ్చు. గీశాను, ఎరుపులో. మర్నాడు అవ్వకి బొమ్మ చూపిస్తే కుక్కని చూసి మురిసిపోయింది, డాలు మీద ఎర్ర చుక్కలేంటని అడిగింది. "తెలీదు అవ్వా, అనుకుంటున్నా" అన్నాను. "అయితే సరే" అంది.

ఏదో అడుగుతున్నావు తల్లీ, గట్టిగా చెప్పు. ఏఐకి పెంకు ఫొటో ఇస్తే కుండంతా గీసి ఇచ్చేస్తుంది కదా అని. ఇస్తుందమ్మా, నేను చూశాను, నాకన్నా బాగా నీడలు వేస్తుంది. ఫొటోల్లోంచి పెంకుల్ని వేరు చేయడానికి, ఒకే రకం అంచుల్ని పక్కపక్కన పెట్టడానికి నేను కూడా అట్లాంటివి వాడతాను. కానీ మొత్తం కుండ గీయమన్నప్పుడు ఎక్కడ పెంకు ఆగిందో, ఎక్కణ్ణించి తను అనుకుంటోందో అది చెప్పట్లేదు. మా మామకి పంపడానికి బాగుంటుంది.

సరే, మీ నంబర్లు చెప్పండి, బోర్డు మీద రాస్తాను. ఒకటో బెంచీ, 22. రెండు, 23. మూడు, 22. నాలుగు? 20. అయిదు 24. ఆరు 22. ఏడు... ఎంతా, 34? ఎనిమిది 21. తొమ్మిది 23. పది 22. పదకొండు, 26.

ఈ పదకొండూ ఒకే కుండవి. మా పక్కూరి పెద్దాయన చేసిందే, పోయిన ఆదివారం మా వాకిట్లో పగలగొట్టాను, మా ఆవిడ తిట్టింది. పగలగొట్టే ముందు మూతి కొలిచాను, 22 సెంటీమీటర్లు. అంచుల్ని బొగ్గుతో కూడా రుద్దాను, మీరు పాతవనుకుంటారని. ఏడో నంబరు ముక్క ఒకసారి పైకెత్తండి. చూశారా, దాని అంచు రెండు సెంటీమీటర్లు లేదు, మొత్తం చుట్టులో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంత చిన్నదానికి ఏ వలయమైనా సరిపోయినట్టే ఉంటుంది. నిజం తవ్వకంలో అయితే మనకి ఆ ఏడో నంబరు ఒక్కటే దొరుకుతుంది, మిగతా పది దొరకవు. అప్పుడు 34 అని గీస్తారా, గీయరా? మీ కాగితం మీద ఏం రంగుతో గీస్తారు?

ఎర్ర పెన్ను ఉన్నవాళ్ళు ఎంతమంది? మూడే? సరే, పక్కవాళ్ళకి ఇవ్వండి. పెంకులు మాత్రం వెళ్ళేటప్పుడు ఈ బల్ల మీద పెట్టేయండి, రేపు చీమకుర్తిలో ఇంకో క్లాసు ఉంది. ఏడో నంబరు జాగ్రత్త, అది చిన్నది, జేబులో పడిపోతుంది.